వార్తను చదవడం కూడా సాంఘిక శాస్త్రమే

మన తాతల కాలంలో బడి గడప తొక్కడమే ఒక పోరాటం. అమ్మానాన్నల కాలానికి ఊళ్ళోకి బడి వచ్చింది గానీ, సగంలోనే పలక పక్కన పెట్టి కూలికో, పశువుల వెంటో పోవాల్సి వచ్చింది. మన దాకా వచ్చేసరికి ఈ సంక్షేమ హాస్టల్ దొరికింది. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, ఒక పళ్ళెం, చేతిలో పుస్తకం. అట్లా అక్షరం మన చేతికొచ్చింది.

అక్షరం వచ్చాక ఇంకో ప్రశ్న మొదలవుతుంది. అచ్చయిన ప్రతి మాటనూ, టీవీలో అరిచి చెప్పే ప్రతి మాటనూ, ఫోన్‌లోకి వచ్చి పడే ప్రతి మెసేజ్‌నూ ఉన్నదున్నట్టు నమ్మేయాలా? లేక ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు, ఎవరి కోసం చెప్పారు అని అడగాలా? అలా అడగడాన్ని హైస్కూల్లోనే, సోషల్ పీరియడ్‌లోనే నేర్పాలని మా అభిప్రాయం. ఇందుకు కొత్త సబ్జెక్టు అక్కర్లేదు, కొత్త గది అక్కర్లేదు. ఉన్న పాఠంలోనే, ఉన్న సారే చెప్పగలిగిన విషయం ఇది.

ఇది మనలాంటి వాళ్ళకు ఎందుకు మరీ ముఖ్యమో ముందుగా చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదలు. ఈ హాస్టల్లో చదివిన చాలామంది సంగతీ ఇదే. ఊరికి వెళ్ళగానే నాన్న ఫోన్ తెచ్చి మన చేతిలో పెడతారు. "ఒరేయ్, చదువుకున్నోడివి గదా, ఇది నిజమేనా చూడు" అంటారు. ఉచిత ల్యాప్‌టాప్ పథకమట, ఈ లింకు నొక్కితే స్కాలర్‌షిప్పట, రేషన్ కార్డులు రద్దు చేస్తున్నారట, ఫలానా ఆకు రసం తాగితే షుగర్ పోతుందట. వీధిలో నలుగురు పెద్దవాళ్ళు మన మొహం వైపే చూస్తుంటారు. చదువుకున్న కుటుంబాల్లో ఇట్లాంటిది అడగడానికి బాబాయి ఉంటాడు, మేనమామ ఉంటాడు, పక్కింటి లెక్చరర్ ఉంటాడు. మన ఇళ్ళల్లో మనమే ఆఖరి మాట. ఆ మాట తప్పయితే నష్టపోయేది మన ఇల్లే. అమ్మ పుస్తెలు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు దొంగ నోటిఫికేషన్‌కు, దొంగ కన్సల్టెన్సీకి కట్టి పోగొట్టుకున్న వాళ్ళు మా సీనియర్లలోనూ ఉన్నారు, మా జూనియర్లలోనూ ఉన్నారు. బడిలో మొఘలుల పాలన గురించి నాలుగు మార్కుల జవాబు వాళ్ళందరూ బాగానే రాశారు. నోటిఫికేషన్ నంబరును ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలని మాత్రం వాళ్ళకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

పుకార్లు మనకు కొత్త కాదు. ఒకప్పుడు ఊళ్ళల్లో ప్రతి తలుపు మీదా "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేదని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడంటే దేశమంతా గిన్నెలు పట్టుకుని గుళ్ళ ముందు బారులు తీరింది. అప్పుడు పోయింది పాలు మాత్రమే. ఇప్పటి పుకారు ఒక్క రాత్రిలో వంద ఊళ్ళు తిరుగుతుంది, ప్రాణాలు తీస్తుంది. 2018 ఎండాకాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వీడియోలు వచ్చాయి. అట్లా తిరిగిన వీడియోల్లో ఒకటి నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. బిడ్డను తిరిగి దించేసి "జాగ్రత్తగా ఉండండి" అని హెచ్చరించే చివరి ముక్కను ఎవరో కోసేశారు. మిగిలిన ముక్క దేశమంతా తిరిగింది. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రెయిన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురు సంచార జాతి మనుషుల్ని జనం కొట్టి చంపారు. అదే నెలలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారన్న అనుమానంతో కారులో వెళుతున్న స్నేహితుల మీద పడితే, హైదరాబాద్‌కు చెందిన ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయింది.

ఒక్క విషయం గమనించండి. పుకారు పుట్టినప్పుడు దెబ్బలు తినేది ఎవరు? ఊరికి కొత్తగా కనిపించేవాడు, మాసిన బట్టలవాడు, భాష రానివాడు, అడుక్కునేవాడు. అంటే మనవాడే. అందుకని, పుకారును ఆపడం మన పని కాదనుకోవడానికి మనకు వీలులేదు.

ఆపడం సాధ్యమేనని మన పక్క జిల్లాలే చూపించాయి. అదే 2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి 400కు పైగా ఊళ్ళకు పోలీసుల్ని పంపారు. కానిస్టేబుళ్ళు లాఠీలు పక్కన పెట్టి డప్పు పట్టారు, పాటలు కట్టారు, చావిడి దగ్గర జనాన్ని కూర్చోబెట్టి ఏది నిజమో ఏది అబద్ధమో విడమరచి చెప్పారు. డప్పు అంటే మన ఇంటి వాయిద్యం. ఆ డప్పు ఊరిని కాపాడే పనికొచ్చింది. అయితే పోలీసులు ప్రతి ఊళ్ళో ఏడాది పొడుగునా ఉండలేరు గదా! ఉండేది బడి. రోజూ ఊరి పిల్లలందరూ కూర్చునేది సోషల్ సార్ ముందు.

ఇది సోషల్ పాఠమెట్లా అవుతుందని కొందరు అడుగుతారు. చరిత్ర పాఠమే తీసుకోండి. సముద్రగుప్తుడు గొప్ప వీరుడని మనం చదువుకున్నాం. ఎట్లా తెలిసింది? అలహాబాద్ స్తంభం మీది ప్రయాగ ప్రశస్తి వల్ల. అది రాసిందెవరు? ఆయన ఆస్థానంలోని హరిషేణుడు. జీతమిచ్చే రాజు గురించి ఆస్థాన కవి ఏం రాస్తాడు? ఈ ఒక్క ప్రశ్న సార్ అడిగితే చాలు, పిల్లవాడు శాసనాన్నీ, పొద్దున పేపర్లో వచ్చే ఫుల్ పేజీ ప్రకటననూ ఒకే కళ్ళతో చూడడం మొదలుపెడతాడు. ఆధారం ఎవరిది అని అడగడమే చరిత్ర. వార్తను అడగాల్సిందీ అదే.

పౌరశాస్త్రానికి రండి. ఎన్నికలు, ఓటు, భావప్రకటనా స్వేచ్ఛ అని చదువుతాం. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తల రూపంలో అచ్చువేశారని దేశమంతా గొడవ జరిగింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు సంపాదకులు కె. శ్రీనివాసరెడ్డి గారు ఉన్నారు. వాళ్ళు 2010లో నివేదిక ఇచ్చారు. దాని పూర్తి పాఠాన్ని కౌన్సిల్ వెంటనే బయటపెట్టలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగి, కేంద్ర సమాచార కమిషన్ దాకా వెళ్ళాక 2011లో బయటికొచ్చింది. ఓటు, పత్రికా స్వేచ్ఛ, సమాచార హక్కు అని మూడు పాఠాలు విడివిడిగా బట్టీ పట్టే బదులు, ఈ ఒక్క ఉదాహరణ చెబితే మూడూ అర్థమవుతాయి. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి వచ్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించి తెలుసుకునే తత్వం పెంచుకోవాలన్నది కూడా ఒకటి. అది మార్కుల కోసం రాసే పాయింటు మాత్రమే కాకూడదు.

అర్థశాస్త్రంలో ప్రకటనల సంగతి చూడండి. ఫలితాల రోజున టీవీ పెడితే "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు..." అని ర్యాంకుల మోత. మన తమ్ముళ్ళు నోరు తెరుచుకుని చూస్తారు. ఆ కాలేజీల్లో మొత్తం ఎంతమంది పరీక్ష రాశారు, వాళ్ళల్లో ఎంతమందికి సీటు రాలేదు, ఆ ర్యాంకరు అక్కడ రెండేళ్ళు చదివాడా, లేక ఆఖర్లో టెస్టులు రాశాడా అన్నది ప్రకటనలో ఉండదు. ఇట్లాంటి ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో కోచింగ్ సెంటర్లకు ప్రత్యేక మార్గదర్శకాలు జారీ చేయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎట్లా ఉందో ఊహించుకోండి. భూగోళంలో గ్రాఫులు గీయడం నేర్పుతారు. గ్రాఫు అడుగు సున్నా దగ్గర కాకుండా 90 దగ్గర మొదలుపెడితే 96కూ 98కీ మధ్య కొండంత తేడా కనిపిస్తుంది. ఇది నల్లబల్ల మీద ఐదు నిమిషాల్లో చూపించొచ్చు.

ఇక మన గురించి వచ్చే వార్తల సంగతి. మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పురుగుల అన్నం గురించి హాస్టల్ పిల్లలందరం రోడ్డు మీద కూర్చున్నాం. మర్నాడు ఒక పేపర్లో "అన్నంలో పురుగులు – రోడ్డెక్కిన విద్యార్థులు" అని వచ్చింది. ఇంకో పేపర్లో "విద్యార్థుల బైఠాయింపు – గంటసేపు నిలిచిన ట్రాఫిక్" అని వచ్చింది. రెండింటిలోనూ అబద్ధం లేదు. మొదటి దాంట్లో ఆకలి వార్త అయింది, రెండో దాంట్లో మన వల్ల ఆగిన బస్సు వార్త అయింది. రెండో వార్తలో మాలో ఒక్కరి మాటా లేదు. మాట్లాడినవాళ్ళు ప్రయాణికులు, ఒక అధికారి. ఆ రెండు కత్తిరింపులూ పక్కపక్కన పెట్టి సోషల్ పీరియడ్‌లో చదివించి ఉంటే, అంతకు మించిన పౌరశాస్త్రం పాఠం ఉండేదా?

ఇది చిన్న ఉదాహరణ. పెద్దవీ ఉన్నాయి. 1985 జూలై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఇట్లాంటి ఘటనను "దాడి" అని రాస్తే ఒక అర్థం, "ఇరువర్గాల ఘర్షణ" అని రాస్తే మరో అర్థం. ఒక్క మాటతో చంపినవాడూ చచ్చినవాడూ సమానమైపోతారు. ఆ మాట ఎవరు ఎంచుకుంటారు? డెస్క్ మీద కూర్చున్నవాళ్ళు. ఆ డెస్క్ మీద మనవాళ్ళు ఎంతమంది? 2006లో యోగేంద్ర యాదవ్, అనిల్ చమాడియా, జితేంద్ర కుమార్ కలిసి ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది వివరాలు చూశారు. ఒక్క దళితుడూ, ఒక్క ఆదివాసీ కూడా కనబడలేదు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి న్యూస్ రూముల్లోని 121 నాయకత్వ పదవులు చూస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు అప్పటికీ సున్నా.

బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు ఈ సంగతి వందేళ్ళ క్రితమే తెలుసు. 1920 జనవరి 31న ఆయన "మూక్‌నాయక్" పత్రిక మొదలుపెట్టారు. మూగవాళ్ళ నాయకుడు అని దాని అర్థం. ఆ పత్రిక వస్తోందన్న ప్రకటనను డబ్బు చెల్లిస్తామన్నా తిలక్ స్థాపించిన "కేసరి" వేయలేదు. తర్వాత 1927లో బహిష్కృత్ భారత్, 1930లో జనతా, 1956లో ప్రబుద్ధ భారత్ వచ్చాయి. మనం ఏటా ఏప్రిల్ 14న ఆయన ఫోటోకు దండ వేస్తాం. ఆయన చేతిలోని రాజ్యాంగం గురించి ఉపన్యాసాలు చెబుతాం. ఆయన ఇన్నేళ్ళు పత్రికలు ఎందుకు నడిపాడన్నది సోషల్ క్లాసులో ఎందుకు చర్చకు రాదు?

ఈ పని మన దేశంలో ఎవరూ చేయలేదని కాదు. 2007లో ఎన్.సి.ఇ.ఆర్.టి. తెచ్చిన ఏడో తరగతి పుస్తకంలో మీడియా గురించి ఒక పాఠం, ప్రకటనల గురించి ఒక పాఠం ఉండేవి. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో వచ్చిన మన ఎనిమిదో తరగతి సోషల్‌లోనూ సినిమా, పత్రికల మీద ఒక పాఠం పెట్టారు. అయితే పాఠం పుస్తకం చివర్లో ఉంటుంది, సిలబస్ మాత్రం మధ్యలోనే పరీక్షల దగ్గర ఆగిపోతుంది! 2018లో కేరళలోని కన్నూరు జిల్లాలో 150 ప్రభుత్వ పాఠశాలల్లో "సత్యమేవ జయతే" పేరుతో తప్పుడు వార్తల్ని గుర్తుపట్టడం నేర్పారు. టీకాల మీద, నిఫా మీద వచ్చిన పుకార్లు అక్కడి జిల్లా యంత్రాంగాన్ని ఆ పనికి కదిలించాయి. ఇక బాగా డబ్బున్న దేశాల పిల్లలకు ఇవన్నీ పుట్టుకతో వస్తాయనుకోకండి. 2016లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షిస్తే, అక్కడి మిడిల్ స్కూల్ పిల్లల్లో 80 శాతానికి పైగా వెబ్‌సైట్‌లోని డబ్బిచ్చి వేయించిన ప్రకటనకూ, వార్తకూ తేడా చెప్పలేకపోయారు. తెలివి ఉన్నా సరే, నేర్పకపోతే రాని విద్య ఇది.

కొందరు ఉపాధ్యాయ మిత్రులతో ఈ మాట అంటే మూడు అభ్యంతరాలు చెప్పారు. మొదటిది టైము లేదు, మార్కులు లేవు అని. పదో తరగతి సోషల్ పేపర్లో పేరా ఇచ్చి "చదివి వ్యాఖ్యానించండి" అనే ప్రశ్న ఉంటుంది. మన పిల్లలు ఎక్కువగా జారిపోయేది అక్కడే. వారానికి ఒక వార్త చదివి వ్యాఖ్యానించే అలవాటు ఉన్నవాడికి ఆ ప్రశ్న నల్లేరు మీద బండి నడకే. రెండోది, రాజకీయాలు వస్తాయి, ఊళ్ళో మాట పడాలి అని. సార్ ఫలానా పేపర్ మంచిది, ఫలానా చానల్ చెడ్డది అని చెప్పనక్కర్లేదు. ఒకే సంఘటన మీద రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి తేడాలు పిల్లల చేతే చెప్పిస్తే చాలు.

మూడోది నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం. ఇట్లా నేర్పితే పిల్లలు దేన్నీ నమ్మరు, అన్నీ అబద్ధాలే అంటారు అని. అన్నీ నమ్మేవాడిలాగే ఏదీ నమ్మనివాడు కూడా మోసపోతాడు. వాడికి నిజం చెప్పినా ఎక్కదు. అందుకే అనుమానించడంతో పాటు తేల్చుకోవడం కూడా నేర్పాలి. 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారు వచ్చినప్పుడు కోళ్ళ ధరలు పడిపోయాయి, హైదరాబాద్‌లో మంత్రులే వేదిక ఎక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. మంత్రి తిన్నాడు గనుక నమ్మడం కూడా సరైన పద్ధతి కాదు. డాక్టర్లు ఏమన్నారు, ఆ మాట మొదట ఎక్కడ పుట్టింది అని వెతకడం పద్ధతి. అట్లాగే మంచి పత్రికా రచనకు విలువ ఇవ్వడమూ నేర్పాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు వాచకంలోని "సీతమ్మ కథ" చదివి సారా దుకాణం మీదికి వెళ్ళారు. ఆ కబురు రాష్ట్రమంతా తెలిసేలా చేసింది తెలుగు పత్రికలే. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. బతుకును తాకిన ఒక్క పాఠం, దాన్ని లోకానికి చెప్పిన వార్తలు కలిస్తే ఎంత పని జరుగుతుందో చూడండి.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. అనని మాట అన్నట్టు గొంతు తయారుచేస్తున్నారు, జరగని సంఘటనకు ఫోటో తయారుచేస్తున్నారు. కంటితో చూశాను, చెవితో విన్నాను అన్న సాక్ష్యం ఇక సరిపోదు. కాబట్టి బొమ్మను ఎంతసేపు చూసినా లాభం లేదు, అది ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. నిజానిజాలు తేల్చేవాళ్ళు ఆ పేజీ వదిలిపెట్టి, అదే సంగతి గురించి మిగతావాళ్ళు ఏమన్నారో వెతుకుతారు. హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటివి తెలుగులోనే ఈ పని చేస్తున్నాయి. పిల్లలకు చూపించండి.

పుస్తకాలు మారేదాకా, జీవో వచ్చేదాకా మనం ఆగాల్సిన పని లేదు. మన హాస్టల్‌కు వచ్చేది ఒక్కటే పేపరు, అందులో ఆటల పేజీ మొదట చిరిగిపోతుంది! రెండో పేపరుకు నెలనెలా చందా పూర్వ విద్యార్థులం కడతాం. శనివారం స్టడీ అవర్‌లో ఒక గంట వార్డెన్ సార్ మాకు ఇస్తే చాలు. ఒకే వార్త రెండు పేపర్లలో కత్తిరించి గోడకు అంటిద్దాం. దాని కింద నాలుగు ప్రశ్నలు రాద్దాం. ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? ఎవరి మాట ఇందులో లేదు? ఇంకెక్కడ సరిచూడొచ్చు? ఆరో తరగతి తమ్ముడు కూడా వీటికి జవాబు చెప్పగలడు. చదువు చెప్పే సోషల్ సార్లను నెలకోసారి పిలుద్దాం. బి.ఇడి. చదువుతున్న మన అన్నలు రేపు తమ క్లాసుల్లోకి దీన్ని తీసుకుపోతారు.

తమ్ముళ్ళారా! మీరు రేపు సెలవులకు ఊరు వెళతారు. ఎవరో ఒకరు ఫోన్ తెచ్చి "ఇది నిజమేనా" అని అడుగుతారు. తెలియకపోతే "ఆగండి, కనుక్కుని చెబుతాను" అనండి, కనుక్కునే చెప్పండి. కనుక్కున్నది ఒక కాగితం మీద రాసుకుని హాస్టల్‌కు తీసుకురండి. వచ్చే ఏడాది వార్షికోత్సవ సంచికలో కనీసం నాలుగు పేజీలు ఆ కాగితాలతోనే నింపుదాం.

— పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం